జంబలాయాలో టమాటా వేయాలా, వద్దా?

గరిటె తిప్పేవాడు:
జంబలాయా, అదే అమెరికాలో లూసియానా రాష్ట్రం వాళ్లు ఒకే గిన్నెలో వండే మసాలా అన్నం, దాని గురించి ఆఫీసులో ఇద్దరు లూసియానా వాళ్ల మధ్య ఇరుక్కుపోయాను. ఒకావిడది న్యూ ఆర్లీన్స్, టమాటా లేకపోతే అది జంబలాయానే కాదంటుంది. ఇంకొకాయనది లఫాయెట్ వైపు, టమాటా వేస్తే ముట్టుకోనంటాడు. శనివారం పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చుకునే విందు) రొయ్యలు, ఆండూయి అనే పొగబెట్టిన కారపు పోర్క్ సాసేజ్ వేసి ఒకే గిన్నెలో వండాలి. ఏం చేయమంటారు?

ఉప్పుడుబియ్యం:
వేయకండి. టమాటా పులుపుకి బియ్యం త్వరగా మెత్తబడదు, పైన పలుకు మిగులుతుంది, అడుగున మాడుతుంది. సాసేజ్‌ని ఇనుప గిన్నెలో ఎర్రగా వేయిస్తే ఆ రంగు, రుచి చాలు. జంబలాయాకి రాజధాని మాదే అని చెప్పుకునే లూసియానాలోని గొంజాలెస్ ఊళ్లో వండేది కూడా గోధుమరంగుదే.

తీరం పిల్ల:
టమాటా లేకపోతే మన మసాలా పులావ్‌కీ దానికీ తేడా ఏముంది చెప్పండి 😀

వంటింటి లాయరు:
ఉప్పుడుబియ్యం గారూ, మీరు చెప్పింది కేజన్ పద్ధతి, అది తప్పని నేననను. కానీ అడిగింది రొయ్యల జంబలాయా గురించి. కేజన్లంటే 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడా తూర్పు తీరంలోని అకేడియాలోంచి తరిమేస్తే వచ్చి లూసియానా పల్లెల్లో, చిత్తడి నేలల్లో స్థిరపడ్డవాళ్ల సంతతి, వాళ్ల గిన్నెలో మాంసం వేగిన రంగే ముఖ్యం. న్యూ ఆర్లీన్స్ సంగతి వేరు, అది ఓడరేవు, ఫ్రెంచి వాళ్లు, వాళ్ల తర్వాత 1803 దాకా స్పెయిన్, వీళ్లందరి వంటిళ్లలో అసలు గరిటె పట్టిన ఆఫ్రికా మూలాల వాళ్లు, అందరూ కలిసిన వంట అది. పడమటి ఆఫ్రికా జొల్లోఫ్ అన్నం తిన్నవాళ్లెవరికైనా ఎర్ర జంబలాయా చూడగానే చుట్టరికం తెలిసిపోతుంది, జొల్లోఫ్‌కి ఆ ఎరుపు టమాటాదే. కాబట్టి సముద్రపు సరుకు వేసేటప్పుడు టమాటా వేయడమే సబబు, రొయ్యల తీపికి ఆ కాస్త పులుపు బాగా పడుతుంది.

పలుకు సమస్య నిజమే, కానీ అది కొలతతో తీరుతుంది. ముందు సాసేజ్ ముక్కలు కొవ్వు వదిలి అంచులు ఎర్రబడేదాకా వేయించి తీసేయండి, అదే కొవ్వులో ఉల్లిపాయ, సెలెరీ, కాప్సికమ్ మగ్గనివ్వండి, అడుగున అంటిన గోధుమరంగు పొరంతా ఆ కూరగాయల నీటికే ఊడొస్తుంది, రుచి దాంట్లోనే ఉంది. తర్వాత వెల్లుల్లి, టమాటా వేసి నీరు ఇగిరేదాకా వేయించండి. రెండు కప్పుల బియ్యానికి ఎసరు మూడున్నర కప్పులు, అదీ రొయ్యల పొట్టు, తలలు ఉడికించి వడకట్టిన నీళ్లు. సాసేజ్ మళ్లీ వేసి, పొంగు రాగానే మూత పెట్టి సన్నని సెగ, ఇరవై నిమిషాలు. మధ్యలో మూత తీసి కలిపితే గింజ విరిగి ముద్దవుతుంది, మన వాళ్లకి ఆ చెయ్యి ఆగదు.

తీరం పిల్ల:
రొయ్యలు ఎప్పుడు వేయాలో చెప్పలేదు. అసలు గొడవ అక్కడే కదా, చాలామంది బియ్యంతో పాటే వేసి రబ్బరు చేస్తారు.

వంటింటి లాయరు:
అవునండీ, టమాటా కంటే దానికే ఎక్కువ కొట్టుకోవాలి. అన్నం దాదాపు అయ్యాక పైన పరిచి మూత పెట్టండి, ఐదు నిమిషాల్లో గులాబీ రంగుకి తిరిగి కొంచెం వంకర తిరుగుతాయి, అప్పుడే దించేయాలి. గట్టిగా సున్నాలా చుట్టుకుపోయాయంటే ఎక్కువ ఉడికినట్టు.

ఉప్పుడుబియ్యం:
రొయ్యల విషయం ఒప్పుకుంటాను. టమాటా వేసి కేజన్ అని మాత్రం ఎవరికీ పెట్టకండి. ఇంకో మాట, ఎరుపు చేసినా సరే లావుగా ఉండే పొడవు బియ్యమో ఉప్పుడు బియ్యమో వాడండి, పాట్‌లక్‌లో గంటసేపు పడి ఉన్నా విడివిడిగా ఉంటుంది.

గరిటె తిప్పేవాడు:
ఇంట్లో బాస్మతి ఉంది, పనికిరాదా? ఆండూయి కూడా దొరకలేదు, మామూలు పొగబెట్టిన పోర్క్ సాసేజ్ తెచ్చాను.

వంటింటి లాయరు:
బాస్మతి వాసన సాసేజ్ పొగతో పోట్లాడుతుంది, వద్దు. ఆ సాసేజ్‌తో పర్లేదు, కాకపోతే ఆండూయి అంత కారం ఉండదు కాబట్టి కయెన్ మిరప పొడి ఇంకాస్త వేయండి. ఉప్పు మాత్రం సాసేజ్ వేగాక ఒక ముక్క రుచి చూసి అప్పుడే ఎసట్లో వేయండి.