మాత్రలు మానేసి తిండి మార్చుకుంటే డిప్రెషన్ తగ్గుతుందా?

కడప_టు_మారతహళ్లి:
కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక ఉంటేనే చదవండి. నాకు 33. బెంగళూరు మారతహళ్లిలో సింగిల్ బెడ్‌రూమ్, ఒక్కడినే ఉంటా. నాలుగు నెలలుగా ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, శనివారం పడుకుంటే సోమవారం మీటింగ్‌కే లేవడం. చివరికి ధైర్యం చేసి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే డిప్రెషన్ అని మాత్ర రాశారు. ఇవాళ్టికి 13 రోజులు, పెద్దగా తేడా లేదు.

తిండి సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఆఫీసులో ఏదో ఒకటి, రాత్రి పదకొండుకి యాప్‌లో ఫ్రైడ్ రైస్. అమ్మ బస్సు పార్సిల్‌లో పంపిన కంది పొడి డబ్బాకి చుట్టిన టేపు ఇంకా అలాగే ఉంది. ఫోన్ చేస్తే అమ్మది ఒకటే పాట, "వేళకి ఇంత అన్నం తినవు, అందుకే నీకీ నీరసం" అని. ఆఫీసులో ఒకతనేమో మూడ్‌కి సంబంధించిన సెరటోనిన్ అనే రసాయనం 90 శాతం కడుపులోనే తయారవుతుంది, మైదా, చక్కెర మానేసి కడుపు బాగుచేసుకుంటే చాలు, ఆ మాత్రలు పారెయ్ అంటున్నాడు. నిజంగా తిండి వల్లే వచ్చిందా ఇది? మాత్రలు ఆపి ఒక నెల చూడొచ్చా? మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం.

రాగిసంకటి_అక్క:
తమ్ముడూ, ముందు మాత్రలు ఆపకు. 13 రోజులకి ఏం తెలుస్తుంది, ఆ మందులు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మధ్యలో నీ అంతట నువ్వు ఆపేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఇవన్నీ కొత్తగా మొదలవ్వొచ్చు. నేను ఒకసారి ఆ తప్పు చేసి వారం రోజులు ఇంట్లో అందరి మీదా అరిచాను. తేడా కనిపించకపోతే ఆ మాట డాక్టర్‌కే చెప్పు.

సెరటోనిన్ కథ సగం నిజం. ఎక్కువ భాగం పేగుల్లోనే తయారవుతుంది, కానీ అది అక్కడి పనికే, రక్తంలోంచి మెదడులోకి వెళ్ళదు. మెదడు తనకి కావాల్సింది తనే తయారుచేసుకుంటుంది. మీ ఆఫీసు డాక్టర్ గారికి ఈ రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చేసినట్టు లేదు.

లెక్కల_మాస్టారు:
తిండికీ దీనికీ సంబంధమే లేదనుకోవద్దండీ. 2017లో ఆస్ట్రేలియాలో స్మైల్స్ అని ఒక ట్రయల్ వచ్చింది. డిప్రెషన్ ఉండి, తిండి కూడా అధ్వానంగా ఉన్న 67 మందిని తీసుకున్నారు. సగం మందికి డైటీషియన్‌తో ఏడు సిట్టింగులు, మిగతా వాళ్ళతో అన్నిసార్లే ఎవరో కూర్చుని కబుర్లు చెప్పారు. కూరగాయలు, పప్పులు, ముడి ధాన్యాలు, గింజలు, చేప, ఆలివ్ నూనె పెంచి, స్వీట్లు, వేపుళ్ళు, కూల్‌డ్రింకులు తగ్గించడం, అంతే ఆ డైట్. 12 వారాలకి డైట్ వాళ్ళలో 32 శాతం మంది డిప్రెషన్‌లోంచి బయటపడ్డారు, కబుర్ల వాళ్ళలో 8 శాతం.

అంకె చూసి ఎగిరి గంతేయకండి. 67 మంది అంటే మీ ఆఫీసులో ఒక ఫ్లోర్ కూడా నిండదు. పైగా తాము ఏ గుంపులో ఉన్నామో వాళ్ళకి తెలుసు, డైట్ దొరికిందన్న ఆశ కూడా కొంత పనిచేసి ఉంటుంది. అసలు సంగతి, అందులో చాలామంది మందో, కౌన్సెలింగో తీసుకుంటూనే ఈ డైట్ చేశారు. మాత్రలు పారేసి చేసింది కాదు. ఇక విటమిన్ మాత్రల డబ్బాలు కొనే ముందు ఇంకోటి వినండి. 2019లో యూరప్‌లో నాలుగు దేశాల్లో, బరువు ఎక్కువగా ఉండి దిగులు ఛాయలున్న వెయ్యి మందికి పైగా ఏడాదిపాటు సప్లిమెంట్లు ఇచ్చి చూశారు, డిప్రెషన్ రాకుండా అవి ఆపలేకపోయాయి.

బీటీఎం_బ్యాచిలర్:
అన్నా, ఇక్కడ అందరూ ఏం తినాలో చెప్తున్నారు గానీ వండే ఓపిక ఎక్కడిది? డిప్రెషన్‌లో ఉన్నోడికి గిన్నె కడగడమే కొండ ఎక్కడం. తిండి సరిగ్గా లేక దిగులొచ్చిందా, దిగులొచ్చి తిండి చెడిందా అంటే నా విషయంలో రెండోదే ముందు. నోటికేదీ సహించదు, లేదంటే రాత్రి ఒంటిగంటకి చిప్స్ రెండు ప్యాకెట్లు. కాబట్టి మీ అమ్మగారి మాట పట్టుకుని నిన్ను నువ్వు తిట్టుకోకు.

నేను చేసింది చెప్తా. పొద్దున ఇంటి కింద దర్శినిలో రెండు ఇడ్లీ, వడ వద్దని చెప్పి సాంబార్ ఎక్కువ పోయించుకునేవాణ్ణి. నిలబడి తినడమే, పది నిమిషాల పని, ఆ వంకన ఎండ తగిలేది, ఎవడో ఒకడు "సాంబార్ బేకా సార్" అని పలకరించేవాడు. రాత్రికి కుక్కర్లో గుప్పెడు బియ్యం, గుప్పెడు పెసరపప్పు, ఉంటే పాలకూర, మూడు విజిల్స్, కుక్కర్‌లోనే పెరుగు పోసుకుని దాంతోనే తినేయడం. ప్లేట్ కడిగే పని కూడా లేదు. ఎవరన్నా చూస్తే నవ్వుతారు, చూడనీ. మంచం పక్కన పల్లీలు, అరటిపండ్లు పెట్టుకో. యాప్ పూర్తిగా మానేయాలని శపథాలొద్దు, నేను మూడు పట్టి మూడూ తప్పాను.

రాగిసంకటి_అక్క:
ఇందాక మర్చిపోయా. గుడ్డు కూడా తినవన్నావు కదా, విటమిన్ బి12 టెస్ట్ చేయించావా? మొక్కల నుంచి వచ్చే తిండిలో అది దాదాపు ఉండదు, మనకి పాలు, పెరుగే దిక్కు, నువ్వేమో అవీ అంతంతమాత్రం. తగ్గితే నీరసం, మతిమరుపు, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, మనసు కూడా బాగోదు. దాంతోపాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించు, అవి తేడాగా ఉన్నా అచ్చం డిప్రెషన్ లాగే ఉండొచ్చు. రిజల్ట్ రాకముందే మెడికల్ షాపులో విటమిన్ మాత్రలు కొని మింగకు, అంకె తప్పు చూపిస్తుంది.

ఇంకోటి. ఎప్పుడైనా బతకాలని లేదు అనిపిస్తే ఇక్కడ పోస్ట్ పెట్టి రిప్లై కోసం కూర్చోకు. 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఏ వేళైనా ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

కడప_టు_మారతహళ్లి:
అందరికీ థ్యాంక్స్. అంత దూరం రాలేదక్కా, నంబర్ మాత్రం సేవ్ చేసుకున్నా. మాత్ర ఇప్పుడే వేసుకున్నా. తిమ్మిర్లు ఉన్నాయి, కీబోర్డ్ వల్ల అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. రేపు ల్యాబ్‌కి పరగడుపున వెళ్ళాలా?

రాగిసంకటి_అక్క:
షుగర్ కూడా కలిపి చేయిస్తే పరగడుపునే వెళ్ళాలి, మిగతా వాటికి ల్యాబ్‌కి ఫోన్ చేసి కనుక్కో. తిమ్మిర్ల సంగతి డాక్టర్‌కి చెప్పడం మర్చిపోకు.

బీటీఎం_బ్యాచిలర్:
ల్యాబ్ నుంచి వస్తూ ఇడ్లీ తినేసి రా అన్నా. తొమ్మిది దాటితే క్యూ ఎక్కువ.