లోక్ అదాలత్‌లో రాజీ అయినా సిబిల్‌లో కేసు అట్లనే ఉంది

మాది మిర్యాలగూడ. ట్రాక్టర్ లోన్ మీద బ్యాంకు వేసిన కేసు నల్గొండ లోక్ అదాలత్‌లో రాజీ అయింది, వడ్డీ కొంత వదిలేశారు, మూడు వాయిదాల్లో కట్టేసి నో డ్యూస్ కూడా తెచ్చుకున్నా. మొన్న ఇంటి లోన్‌కి పోతే మేనేజర్ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు, సిబిల్ (మన లోన్ల చరిత్ర రాసిపెట్టే సంస్థ) రిపోర్టులో ‘సూట్ ఫైల్డ్’, అంటే కోర్టులో కేసు వేశారు అని ఇంకా ఉంది. ఏం చేయాలి అన్నా?

— తమ్ముడూ, కేసు ముగిసింది కాబట్టి ‘సూట్ ఫైల్డ్’ తీయించొచ్చు. తక్కువకు ఒప్పుకున్నారు కదా, అందుకు రిపోర్టులో పడే ‘సెటిల్డ్’ అనే మాట మాత్రం అంత తొందరగా పోదు. సిబిల్ తనంతట తాను మార్చదు, బ్యాంకు ఒప్పుకోవాలి. అవార్డు (లోక్ అదాలత్ ఇచ్చిన రాజీ తీర్పు) కాపీ, నో డ్యూస్ జతచేసి బ్యాంకుకు రాయి, సిబిల్ సైట్‌లో డిస్ప్యూట్ (తప్పు ఉందని ఫిర్యాదు) కూడా వేయి. ఫిర్యాదు చేసి 30 రోజులు దాటినా సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం, 2024 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ రూలు.

— సిబిల్ లాంటి సంస్థలే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, వాటి రిపోర్టులు కూడా చూడు, ఒక్కో సంస్థ ఏడాదికోసారి ఫ్రీగా ఇవ్వాల్సిందే. నాది ఒకదాంట్లో సరిచేసి ఇంకోదాంట్లో వదిలేశారు మహానుభావులు.

— వదిలేసిన వడ్డీ ఇప్పుడు కడితే ‘సెటిల్డ్’ను ‘క్లోజ్డ్’ (పూర్తిగా కట్టేశారు) అని మారుస్తారేమో బ్యాంకును అడుగు. కాగితం మీద రాసిచ్చాకే కట్టు. స్కోరు పెంచుతామనే ఏజెంట్లకు రూపాయి ఇవ్వకు.

— థ్యాంక్స్ అన్నా, అవార్డు కాపీ బీరువాలోనే ఉంది, సోమవారం బ్యాంకుకు పోతా.