ఆల్బనీ పోలీసు అధిపతి లారీ ప్రిచెట్‌ను సంయమనం గల అధికారి అనవచ్చా?

ప్రశ్న:
1963లో అమెరికాలోని అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి పిల్లలపై కుక్కలను ఉసిగొల్పి, అగ్నిమాపక యంత్రాలతో నీళ్ళు కొట్టించిన బుల్ కానర్‌కు పూర్తిగా భిన్నమైన వ్యక్తిగా, జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీ నగర పోలీసు అధిపతి లారీ ప్రిచెట్‌ను చూపిస్తుంటారు. నల్లవారిని, తెల్లవారిని వేరుగా ఉంచే జాతి వేర్పాటుకు వ్యతిరేకంగా ఆల్బనీలో సాగిన 1961–62 ఉద్యమంలో తన పోలీసులను చెయ్యి చేసుకోనివ్వలేదని ఆనాటి పత్రికలు ఆయనను మెచ్చుకున్నాయి. ఆ మెప్పుకు ఆయన నిజంగా అర్హుడేనా?

మొదటి సమాధానం:
నా దృష్టిలో కాదు. ఆయన సంయమనం జాతి వేర్పాటును కాపాడటానికి ఎంచుకున్న పద్ధతి మాత్రమే. మార్టిన్ లూథర్ కింగ్ పోరాట విధానాన్ని ముందే అధ్యయనం చేసి, కెమెరాల ఎదుట దెబ్బలు కొడితే కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుంటుందని గ్రహించి, అందుకు తగినట్లు తన సిబ్బందికి శిక్షణ ఇచ్చాడు. అరెస్టులకు వేర్పాటు చట్టాలను కాక, అనుమతి లేని ఊరేగింపు, శాంతిభంగం వంటి ఆరోపణలను వాడటంలో కూడా అదే లెక్క ఉంది: వేర్పాటు చట్టం పేరెత్తితే వ్యవహారం ఫెడరల్ న్యాయస్థానానికి చేరుతుంది. జైళ్ళు నింపి నగరాన్ని లొంగదీయాలన్నది ఉద్యమకారుల ఆలోచన కాగా, ఆయన చుట్టుపక్కల కౌంటీల (జిల్లాల వంటి విభాగాల) జైళ్ళలో ముందుగానే చోటు మాట్లాడి ఉంచాడు. 1961 డిసెంబరులోనే 500 మందికి పైగా అరెస్టయినా, ఆయన చేతిలో జైళ్ళకు కొరత రాలేదు.

1962 జులైలో జరిగింది మరీ విచిత్రం. 178 డాలర్ల జరిమానా కట్టడానికి నిరాకరించి 45 రోజుల జైలు శిక్షను కోరి ఎంచుకున్న కింగ్‌ను, ఎవరో అజ్ఞాత వ్యక్తి జరిమానా చెల్లించాడంటూ రెండు రోజులకే బయటికి పంపించారు. జైల్లో ఉన్న కింగ్ వల్ల ఉద్యమానికి కలిగే బలం ఏమిటో ప్రిచెట్‌కు బాగా తెలుసు.

రెండవ సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తూ, ఆ కౌంటీ జైళ్ళ గురించి మరికొంత చెప్పాలి. ఆల్బనీ వీధుల్లో కనిపించని హింస అక్కడ జరిగింది. ఉద్యమ నాయకుడు స్లేటర్ కింగ్ భార్య, అప్పటికి గర్భిణి, 1962 జులైలో దగ్గరి పట్టణమైన కమిల్లా జైల్లో ఉన్నవారికి భోజనం ఇవ్వడానికి వెళ్తే కాపలాదారులు కొట్టి కింద పడేశారు. ఆమె బిడ్డను కోల్పోయింది. అదే నెలలో న్యాయవాది సి. బి. కింగ్‌ను ఆల్బనీ ఉన్న డౌఘర్టీ కౌంటీ షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) తన కార్యాలయంలోనే చేతికర్రతో తల పగలగొట్టాడు. ఆ చేతులు ప్రిచెట్‌వి కావు, నిజమే. అయితే ఖైదీలను ఆ జైళ్ళకు పంపింది ఆయనే కనుక, తన పోలీసులు కొట్టలేదన్న కారణంతో ఆయనను పక్కన పెట్టి చూడటం నాకు న్యాయంగా తోచదు.

మూడవ సమాధానం:
ఒక్క తేడా మాత్రం గుర్తించాలి. కానర్ ఎన్నికల్లో గెలిచి, నగర పోలీసు శాఖను చూసిన కమిషనర్, ప్రిచెట్ నియమితుడైన పోలీసు అధికారి. వేర్పాటును కొనసాగించాలన్న నిర్ణయం ఆల్బనీని పాలించే నగర కమిషన్‌ది. 1963లో ఆ కమిషన్ వేర్పాటు శాసనాలను రద్దు చేసి కూడా, నల్లవారు, తెల్లవారు పక్కపక్కన కూర్చోకుండా గ్రంథాలయంలోని కుర్చీలు తీయించి, దాన్ని తెరిచింది. అయినప్పటికీ ప్రిచెట్ ఆ నిర్ణయాన్ని అయిష్టంగా అమలు చేసిన మనిషి కాదు. తన నైపుణ్యమంతా దానికే వినియోగించాడు. ఆ పేరు ఆయనకు ఉద్యోగపరంగా అడ్డు కాలేదు. తర్వాత నార్త్ కరోలినాలోని హై పాయింట్ నగరానికి కూడా పోలీసు అధిపతి అయ్యాడు.