‘మహిళా న్యాయమూర్తి’లో ఆ ‘మహిళా’ ఎందుకు?

ప్రశ్న: అన్నా చాందీ గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. తిరువాన్కూరు సంస్థానంలో (ఇప్పటి కేరళలో భాగం) వకీలు, శాసనసభ్యురాలు, చివరికి కేరళ హైకోర్టు జడ్జి. ‘న్యాయవాదిని’ అంటే నాటకాల భాషలా ఉంది, ‘మహిళా న్యాయమూర్తి’ అతుకులా ఉంది. ఏం రాయమంటారు?

జవాబు 1: వాది–వాదిని వ్యాకరణానికి సరే, కోర్టు వరండాలో మాత్రం వినపడదు. అక్కడ ఎవరైనా ప్లీడరుగారే, లాయరుగారే. ‘సభ్యురాలు’ మాటకేం, నిక్షేపంగా నిలబడింది. న్యాయమూర్తి దగ్గరే అసలు తమాషా. సంస్కృతంలో ‘మూర్తి’ స్త్రీలింగ శబ్దం! మనకేమో మూర్తిగారంటే ముందు మీసాలు గుర్తొస్తాయి. ‘దేశంలో హైకోర్టు జడ్జి అయిన మొదటి మహిళ’ అని ఒక్కసారి చెప్పేస్తే, తర్వాత న్యాయమూర్తి అంటే చాలు.

జవాబు 2: లింగం పేచీ వ్యాకరణంతో పోలేదండీ, దాంతో బతుకుతెరువులే ఆగిపోయాయి. 1916లో రెజీనా గుహ ప్లీడరుగా చేర్చుకోమంటే కలకత్తా హైకోర్టు కాదంది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలో సర్వనామాలన్నీ పుంలింగాలే. చట్టాల్లో పుంలింగం అంటే స్త్రీలూ అందులోకే వస్తారన్న సాధారణ సూత్రం అప్పటికే ఉంది, అయినా పనికిరాలేదు. ఆడవాళ్లన్న ఒక్క కారణంతో అడ్డుపెట్టరాదని 1923లో వేరే చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ‘వ్యక్తి’ కూడా సంస్కృతంలో స్త్రీలింగమేనని ఆ జడ్జీలకు చెప్పేవాళ్లు లేకపోయారు!

తిరువాన్కూరు బ్రిటిష్ వాళ్ల నేరుపాలనలో లేని సంస్థానం కాబట్టి ఆ కథ వేరు. అన్నా చాందీ 1926లో లా పట్టా పుచ్చుకుని, 1929లో ప్రాక్టీసు పెట్టారు. ‘శ్రీమతి’ అనే పత్రిక స్థాపించి తానే నడిపారు. 1931లో ఎన్నికలకు నిలబడితే ప్రత్యర్థులూ పత్రికలూ కలిసి బురద చల్లారు, ఓడిపోయారు. ఊరుకోలేదు, ఆ సంగతి తన పత్రికలోనే ఎండగట్టారు. మరుసటి ఏడు గెలిచి 1934 దాకా సభలో ఉన్నారు. ఆ సభ పేరు శ్రీమూలం ప్రజాసభ, కాబట్టి మీ వ్యాసంలో ‘ప్రజాసభ సభ్యురాలు’ అనండి. 1937లో దివాన్ సర్ సి.పి. రామస్వామి అయ్యర్ ఆమెను మున్సిఫుగా, అంటే కింది కోర్టు జడ్జిగా, వేశారు. 1948లో జిల్లా జడ్జి, 1959 ఫిబ్రవరిలో హైకోర్టు, 1967 దాకా అక్కడే.

జవాబు 3: మన దుర్గాబాయమ్మగారు (దుర్గాబాయి దేశ్‌ముఖ్) ఈ కోవలోకి రారా?

జవాబు 2: లాయరుగా వస్తారు. 1942లో లా పట్టా తీసుకుని మద్రాసులో ప్రాక్టీసు చేశారు. కానీ ఆమె వెళ్లింది రాజ్యాంగ సభకు, రాష్ట్ర శాసనసభకు కాదు.

జవాబు 1: క్రియ సంగతి కూడా చూసుకోండి. వ్యాకరణకర్త చిన్నయసూరి లెక్కలో మగవాళ్లను చెప్పే మాటలే ‘మహత్తులు’, స్త్రీలు మహత్తులు కారు. అందుకే ‘జడ్జి వచ్చింది’ అంటే మనిషి వచ్చిందో, బల్ల మీదికి ఫైలు వచ్చిందో క్రియను బట్టి తెలియదు. బహువచనంలో ఆ తేడా పోతుంది. ‘వచ్చారు’ అంటే అందరూ ఒకటే. గౌరవ బహువచనం వాడితే మీ ఇబ్బంది సగం తీరినట్టే.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా రాస్తాను: ‘న్యాయవాది అన్నా చాందీ 1932లో ప్రజాసభకు ఎన్నికయ్యారు, 1937లో మున్సిఫు అయ్యారు.’ సరేనా?

జవాబు 3: బాగుంది. ఎవరైనా ‘మున్సిఫురాలు’ అని దిద్దితే మాత్రం ఒప్పుకోకండి.