పది రోజుల్లో చెప్పమంటున్నారు, ప్రార్థనలో జవాబు రాలేదు: చెన్నైకి కొత్తగా వచ్చిన చెల్లి ప్రశ్న

పోరూరు నుంచి, కొత్త సభ్యురాలు:

అందరికీ వందనాలు. నేను చెన్నై వచ్చి నాలుగు నెలలైంది. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఇక్కడ ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో చేరాను. తమిళం ఇంకా సరిగ్గా రాదు. పేషెంటు ‘వలిక్కుదు’ అంటే నొప్పి అని మాత్రం తెలుసు.

నాన్న పొగాకులో వరసగా రెండేళ్లు నష్టపోయారు. నాలుగు లక్షల అప్పు, రెండు రూపాయల వడ్డీ. షుగర్ వల్ల కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయని డాక్టరు చెప్పారట. చెల్లి ఇంటర్ చదువుతోంది. ఇప్పుడు మా హాస్టల్‌లో ఉండే అక్క ద్వారా ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం, ఇక్కడి జీతానికి మూడింతలు అంటున్నాడు. రెండున్నర లక్షలు కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలి, పది రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఒక్కో బైబిల్ వచనం ఉన్న వాగ్దానం కార్డు ఇస్తారు కదా, నాకు వచ్చినదాని మీద ‘నేను నీకు ముందుగా పోవుచు మెట్టగానున్న స్థలములను సరాళము చేసెదను’ అని ఉంది. ప్రార్థన గుంపులో ఒకావిడ నా కోసం ప్రార్థిస్తుంటే విమానం కనబడిందన్నారు. అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. మనసుకి నెమ్మది రాలేదు. ఇంకా సందేహిస్తే అది అవిశ్వాసమే అంటున్నారు. నేనేం చేయాలో చెప్పండి.

అంబత్తూరు నుంచి:

చెల్లీ, వాగ్దానం వచ్చింది, దర్శనం కూడా వచ్చింది. ఇంకేం కావాలి? దేవుడు తలుపు తెరిచినప్పుడు భయపడకూడదు. ధైర్యంగా అడుగు వెయ్యి. ప్రార్థిస్తాను.

ఆవడి నుంచి:

నేను ఆరేళ్లు కువైట్‌లో నర్సుగా చేసి వచ్చాను. వెళ్లడం మంచిదా కాదా అన్నది నువ్వూ మీ ఇంట్లోవాళ్లూ తేల్చుకోవాలి. వెళ్లే దారి గురించి మాత్రం చెప్తాను.

విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడుగు. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పెట్టి చూస్తే ఉందో లేదో తెలుస్తుంది. విదేశాలకి పనికి వెళ్లేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు చెన్నైలోనే ఉంది, అక్కడ స్వయంగా అడగవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు అయినా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రెండున్నర లక్షలు అన్నాడంటే అక్కడే ఆగిపోవాలి. పైగా 2015లో కేంద్రం గల్ఫ్ దేశాలకి వెళ్లే నర్సుల నియామకాన్ని ప్రభుత్వ సంస్థల చేతికి తెచ్చింది. తమిళనాడుకి ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఉంది, కేరళకి నోర్కా రూట్స్, ఒడెపెక్ ఉన్నాయి. ముందు వాటిలో పేరు నమోదు చేసుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

పెరంబూరు నుంచి:

అమ్మా, నేను ఈ ఊరు వచ్చి పంతొమ్మిదేళ్లు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవడి తమ్ముడు చెప్పినదంతా ముందు చేసెయ్. ఆ పనులు దేవుడికి వదిలిపెట్టేవి కావు, నువ్వే చేసుకోవాల్సినవి. నేను మిగతా సంగతి రాస్తాను, కొంచెం పొడవవుతుంది.

‘సందేహిస్తే అవిశ్వాసం’ అన్న మాట నిన్ను అన్నిటికంటే ఎక్కువ నొక్కుతోందని నాకు అర్థమైంది. ఆ మాట మా ఇంట్లో ఎంత పని చేసిందో చెప్తాను. 2011లో రెడ్ హిల్స్ అవతల ఒక స్థలం చూశాం. అమ్మే ఆయన కూడా విశ్వాసే. ఆ ఏడాది మా వాగ్దానం దేశాన్ని స్వతంత్రించుకోవడం గురించి. మూడు రోజులు ఉపవాసం ఉండి, నాలుగో రోజు మా ఆయన పీఎఫ్ డబ్బు ఆరు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాం. ఆ స్థలం మీద పాత లావాదేవీలు ఏమున్నాయో చూపించే ఈసీ తీయించలేదు. పట్టా ఎవరి పేరు మీద ఉందో తాలూకా ఆఫీసులో అడగలేదు. మా మరిది అడగమంటే, ‘ప్రార్థన చేసి దిగాం, మళ్లీ ఆరాలు తీయడం దేనికి’ అని నేనే అతని నోరు మూయించాను. అది పోరంబోకు భూమి అని ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. డబ్బు రాలేదు.

దేవుడు మోసం చేశాడని చాలాకాలం కుమిలిపోయాను. తర్వాత ఒకరోజు నిజం నా ముందుకొచ్చి నిలబడింది. ఆ మూడు రోజులూ మేము దేవుణ్ణి ఏమీ అడగలేదు. కొనాలని ముందే అనుకుని, ఆయన సంతకం కోసం వెళ్లాం. ఉపవాసం అయిపోయింది కాబట్టి ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదనుకున్నాం. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు కదా. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో ఆ మాట! ఆ లెక్క చూసుకోవడం కూడా విశ్వాసంలో భాగమేనని నాకు ఆరు లక్షలు పోయాక తెలిసింది.

కాబట్టి నువ్వూ కూర్చుని లెక్క రాయి. ఇప్పుడున్న అప్పుకి నెలకి ఎనిమిది వేలు వడ్డీ. ఏజెంటుకి కట్టడానికి ఇంకో రెండున్నర లక్షలు అదే వడ్డీకి తెస్తే, నువ్వు విమానం ఎక్కకముందే అది పదమూడు వేలవుతుంది. వీసా నాలుగు నెలలు ఆలస్యమైతే ఆ వడ్డీ ఎవరు కడతారు? నాన్నగారి వైద్యం కూడా లెక్కలోకి రావాలి. డయాలసిస్ దాకా వెళ్లకూడదనే ప్రార్థిద్దాం. వెళ్తే ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, దాని కింద మన ఆంధ్రలో ఉచితంగా చేస్తారు. కార్డు సరిగ్గా ఉందో లేదో ఈ వారమే చూడమను. నువ్వు డబ్బు పంపకపోతే ఆయన ప్రాణానికే ముప్పు అన్న భయం నీ గుండెల మీద ఉన్నట్టుంది. అది కొంచెం తగ్గితే నీ ఆలోచన తేటపడుతుంది.

ఇక వాగ్దానం కార్డు. పంతొమ్మిదేళ్ల కార్డులూ నా బైబిల్లోనే ఉన్నాయి, కాబట్టి దాన్ని తేలిక చేసి మాట్లాడుతున్నాననుకోకు. నీకు వచ్చిన వచనం యెషయా 45వ అధ్యాయంలోది. మొదటి నుంచీ చదువు. దేవుడు ఆ మాట పారసీక రాజు కోరెషుతో అన్నాడు. చెరలో ఉన్న తన ప్రజలు విడుదలై తిరిగి ఇంటికి వెళ్లడానికి ఆ రాజును వాడుకున్నాడు. దూర ప్రయాణానికి అనుమతి చీటీలా ఆ వచనాన్ని పట్టుకోవడం నాకు సరి అనిపించదు. దేవుడు నీకు ముందుగా వెళ్తాడా అంటే, నేను మనస్ఫూర్తిగా వెళ్తాడంటాను. గల్ఫ్‌కి వెళ్లినా, పోరూరులోనే ఉన్నా వెళ్తాడు. ఏ దారిన వెళ్లాలో మాత్రం ఆ కార్డు మీద రాసి లేదు.

విమానం కనబడిందన్న ఆవిడ మనసు మంచిదే అయి ఉండొచ్చు. ఆవిడ మాట కొట్టిపారేయకు, అలాగని దాని మీద బతుకు పెట్టకు. పౌలు థెస్సలొనీకయులకు రాసినప్పుడు ఈ రెండూ పక్కపక్కనే రాశాడు: ‘ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి.’ పరీక్షించమని వాక్యమే చెప్తుంటే నిన్ను అవిశ్వాసి అనే హక్కు ఎవరికీ లేదు. అంబత్తూరు తమ్ముడూ, నీ ప్రేమ నాకు తెలుసు, కోపం తెచ్చుకోకు. కానీ ఆ పిల్ల రెండున్నర లక్షల అప్పు ముందు నిలబడి ఉంది. ‘ధైర్యంగా అడుగు వెయ్యి’ అని చెప్పేముందు ఆ ఏజెంటు ఎవరో మనం అడగాలి.

మీ ఒంగోలు సంగతే ఒకటి చెప్తాను. ప్రార్థన కొండ నీకు తెలిసే ఉంటుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, ఇంకొందరు ఆ కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ తర్వాతి సంగతి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చింది. జనానికి కూలి దొరకాలని క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది పనిలోకి వచ్చారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు పనులు ఆగేదాకా ఆగమన్నాడు. కూటి కోసం వచ్చేవాళ్లెవరో, నమ్మి వచ్చేవాళ్లెవరో ఆ ఆకలిలో వాళ్లకే తెలియదని ఆయన భయం. పనులు అయిపోయాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

బీచ్ నుంచి వేలచ్చేరి వెళ్లే రైలెక్కితే పక్కన కనబడే కాలువ అదే. ఇప్పుడు మురికిగా ఉంటుంది. నేను దాన్ని చూసినప్పుడల్లా క్లౌ అలా ఆగమన్న సంగతే ఆలోచిస్తాను. దేవుడి కోసం చేసే నిర్ణయాన్నే ఆకలి వేళ చేయనివ్వలేదు ఆయన. నీకిప్పుడు అప్పు ఒత్తిడి, నాన్నగారి జబ్బు, కొత్త ఊరు, రాని భాష, నైట్ డ్యూటీలు. వీటన్నిటి మధ్య పది రోజుల్లో చెప్పమంటున్నది ఏజెంటు. దేవుడు అనలేదు. గల్ఫ్ ఉద్యోగం నిజంగా ఆయన చిత్తమైతే ఆరు నెలల తర్వాత సరైన దారిలో కూడా వస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు జవాబు రాదు. 2018లో మా అత్తయ్య ఐసీయూలో ఉంది. వెంటిలేటర్ పెట్టాలా వద్దా పొద్దున్నకల్లా చెప్పమని డాక్టరు సాయంత్రం అడిగారు. ఆ రాత్రంతా వరండాలో కూర్చున్నాం. ఏ వచనమూ తట్టలేదు, ఏ స్వరమూ వినబడలేదు. పదకొండింటికి మా సంఘం అయ్యగారు వచ్చారు. ఇలా చెయ్యండని ఆయన చెప్పలేదు. మా ఆయన చెయ్యి పట్టుకుని తెల్లవార్లూ ఇనప కుర్చీలో కూర్చున్నారు. ఒక్కటే అడిగారు: ‘అమ్మగారు ఒంట్లో బాగున్నప్పుడు దీని గురించి ఏమైనా అనేవారా?’ అప్పుడు గుర్తొచ్చింది, నాకు గొట్టాలు పెట్టొద్దురా అని ఆవిడ చాలాసార్లు అంది. వద్దని చెప్పాం. మూడో రోజు వెళ్లిపోయింది.

మేం చేసింది సరైనదేనా? ఇప్పటికీ కొన్ని రాత్రులు లేచి కూర్చుంటాను. రుజువు ఏదీ దొరకలేదు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఈ శ్రమల గిన్నె తొలగించమని ప్రభువు మూడుసార్లు ప్రార్థించాడు, గిన్నె మాత్రం తొలగలేదు. ఆ భాగం చదివినప్పుడు నాకు ఊపిరాడుతుంది, ఎందుకో సరిగ్గా చెప్పలేను. కాబట్టి మనసుకి నెమ్మది రాలేదని నువ్వు భయపడకు. నెమ్మది రాకపోవడం ఒక్కోసారి ఇంకా కనుక్కోవాల్సింది ఉందని చెప్పడం కావచ్చు. ఒక్కోసారి కష్టమైన పని కష్టంగానే ఉంటుంది, అంతే.

అమ్మ ఏడుపుని కూడా విను. ‘దేవుడు చెప్పాడు’ అన్నావంటే ఆవిడ ఇక మాట్లాడలేదు. మా మరిదిని నేను అలాగే ఆపేశాను. లెక్క కాగితం పెట్టుకుని ఫోన్‌లో ఆవిడతో మాట్లాడు, నాన్నగారిని కూడా కూర్చోబెట్టు. నువ్వు బాగా ఉన్న రోజూ, బాగాలేని రోజూ చూసి ఎరిగినవాళ్లు ఇక్కడా నీకు కావాలి. నాలుగు నెలల గుంపులో అది కుదరదు. పెరంబూరు, వేపేరి వైపు తెలుగు సంఘాలు పాతకాలం నుంచీ ఉన్నాయి. రైల్వేలోకి, కోచ్ ఫ్యాక్టరీలోకి వచ్చిన మనవాళ్లు చాలామంది ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోరండి అని ఉంటుంది. వెళ్లిపోయే ఆలోచన ఉన్నా సరే, ఉన్నన్నాళ్లు ఇక్కడ కాస్త వేళ్లు దిగనివ్వు. తమిళం నేర్చుకో. నీ పేషెంట్లకీ అది మేలు.

పోరూరు నుంచి:

అక్కా, అన్నా, వందనాలు. నిన్న లైసెన్సు నంబరు అడిగాను. ‘నమ్మకం లేకపోతే వదిలెయ్, వెనకాల ఇరవైమంది ఉన్నారు’ అని ఏజెంటు ఫోన్ పెట్టేశాడు. హాస్టల్ అక్క నాతో మాట్లాడటం లేదు. సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయి. లెక్క రాసి అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ మొదటిసారి ఏడవకుండా మాట్లాడింది. ఓవర్సీస్ మ్యాన్‌పవర్‌లో పేరు ఇచ్చి చూస్తాను. ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు. భయం పోలేదు, కానీ నిద్రపట్టింది. ఈ ఆదివారం డ్యూటీ లేదు. మీ సంఘానికి రావచ్చా?

పెరంబూరు నుంచి:

అడగాలా అమ్మా? సెంట్రల్‌కి వచ్చి లోకల్ ట్రైన్ ఎక్కు. బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్‌పాడి దాటగానే పెరంబూరు. స్టేషన్ బయట నేనుంటాను. ఆరాధన అయ్యాక భోజనం మా ఇంట్లోనే, గోంగూర పచ్చడి చేస్తాను. ఆ హాస్టల్ అక్కని కూడా పిలిచి చూడు.