మెనోర్కాలో లైసెన్స్ లేకుండా బోటు అద్దెకి తీసుకుంటే రోజంతా ఏం చేయొచ్చు?

మ్యూనిక్_మావయ్య:
జూలైలో స్పెయిన్ దీవి మెనోర్కా వెళ్తున్నాం, నేను, మా ఆవిడ, పదేళ్ల పాప. ఫొటోల్లో మాకరెల్లా బీచ్ చూసి పాప అక్కడికే వెళ్దామని ఒకటే గొడవ, ఆ ఎండలో నడవడం మా వల్ల కాదు. లైసెన్స్ అక్కర్లేని బోట్లు ఉంటాయట. నాకు కారు తప్ప ఏదీ నడపడం రాదు. అయ్యే పనేనా?

బార్సిలోనా_సిరి:
అయ్యే పనే అండీ. స్పెయిన్‌లో 5 మీటర్ల లోపు, 15 హార్స్‌పవర్ దాటని బోటుకి లైసెన్స్ అడగరు, కాకపోతే పగలు మాత్రమే, రేవుకి గానీ బోటు తలదాచుకునే చోటుకి గానీ 2 నాటికల్ మైళ్ల (దాదాపు 3.7 కి.మీ.) లోపే తిరగాలి. కాలా ఎన్ బాష్ రేవులో ఎక్కి తూర్పుకి వెళ్తే సోన్ సౌరా, తుర్కేటా, మాకరెల్లెటా, మాకరెల్లా బీచ్‌లు వరసగా వస్తాయి. అన్నీ చూసేయాలని పరిగెత్తకండి, రెండు చాలు. బీచ్ ముందు నీళ్ల మీద తేలే పసుపు బోయలుంటే లోపలికి బోటు పోనివ్వరు, బయట లంగరేసి ఈదుకుంటూ వెళ్లాలి.

అసలు జాగ్రత్త లంగరు దగ్గరే. నీళ్లలో లేత రంగు కనిపిస్తే ఇసుక, నల్లటి మచ్చలు కనిపిస్తే సముద్రం అడుగున పెరిగే పొసిడోనియా గడ్డి. ఆ గడ్డి మీద లంగరేయడం 2018 నుంచి అక్కడ నిషేధం, ఫైన్ వేస్తారు. ఇసుక మీద వేసి, తాడు లోతుకి నాలుగు రెట్లు వదిలి, ఇంజన్ కాస్త రివర్స్ ఇచ్చి తాడు బిగిసిందో లేదో చూసుకోండి. తర్వాత పాపకి మాస్క్ పెట్టి ఆ గడ్డి వైపే తీసుకెళ్లండి, ఒంటి మీద బంగారు చారలున్న సాల్పా చేపలు గుంపులుగా మేస్తుంటాయి. బీచ్ కంటే అదే బాగుంటుంది, నన్నడిగితే.

కాకినాడ_కుర్రోడు:
సిరి గారు గాలి సంగతి వదిలేశారు. ఉత్తరం నుంచి త్రముంతానా అనే గాలి వీచే రోజు ఈ బీచ్‌లున్న దక్షిణ తీరం ఒడ్డున చెరువులా ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి మావయ్యా, ఇంజన్ ఆగిందంటే ఆ గాలి మిమ్మల్ని సముద్రంలోకి తోసుకెళ్తుంది. దక్షిణం గాలైతే ఎదురుగా అలలు, పాపకి వాంతులు ఖాయం. పొద్దున్నే ఫోర్‌కాస్ట్ చూసి, బాగోకపోతే మానుకోండి, డేట్ మార్చే వీలున్న చోటే బుక్ చేయండి. మొదటిసారి, పైగా పాపతో అంటున్నారు కాబట్టి డ్రైవరున్న బోటే నయం, ఖర్చెక్కువే కానీ టెన్షన్ ఉండదు.

పులిహోర_ప్యాక్:
పెట్రోల్ అద్దెలో కలిసిందో విడిగానో ముందే అడగండి. బోటు ఎక్కేముందు పాత గీతలకి వీడియో తీసుకోండి, ఇంకో దీవిలో మా డిపాజిట్ కోసం నానా గొడవా అయింది. పైన గుడ్డ పందిరి ఉన్న బోటే తీసుకోండి. పులిహోర, నీళ్లు ఐస్ పెట్టెలో సర్దుకోండి, బీచ్‌ల దగ్గర షాపుల మీద ఆశ పెట్టుకోవద్దు. నాన్‌వెజ్ తింటే ఇంకో రోజు కార్లో ఫోర్నెల్స్ అనే ఊరు వెళ్లి కాల్దెరెతా తినండి, లాబ్‌స్టర్ పులుసు అన్నమాట, జేబుకి చిల్లే కానీ రుచి మామూలుగా ఉండదు.

మ్యూనిక్_మావయ్య:
థాంక్సండీ అందరికీ. డ్రైవరున్న బోటుకే ఓటేసింది మా ఆవిడ. జెల్లీఫిష్ కుడితే ఏం చేయాలి?

బార్సిలోనా_సిరి:
సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లు పోస్తే ఇంకా మండుతుంది. రుద్దొద్దు. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఎమర్జెన్సీ నంబర్ 112కి ఫోన్ చేయండి.