పాపకు మొదటి తిండి: రాగి జావ ఎప్పుడు, ఎంత చిక్కగా?

తిరుపతి అమ్మ:
పాపకు ఐదో నెల నడుస్తోంది. ఆడబిడ్డకు బేసి నెల కాబట్టి ఈ నెలలోనే అన్నప్రాసన చేసి రాగి జావ మొదలుపెడదామని మా అత్తమ్మ అంటున్నారు. జావ పల్చగా కాచి పాలసీసాలో పోస్తే సులువుగా తాగేస్తుందట. ఇప్పటిదాకా తల్లిపాలే, బరువు బాగానే పెరుగుతోంది. ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎంత పెట్టాలి, రోజుకు ఎన్నిసార్లు? రాగుల పిండి ఇంట్లోనే చేసుకోవడం ఎట్లా?

చిత్తూరు పోషణ:
అన్నప్రాసన ఏడో నెలలో పెట్టుకోండమ్మా. అదీ బేసి నెలే. ఏడో నెల నడుస్తోందంటే ఆరు నిండినట్టే కదా, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 180 రోజులూ అప్పటికి పూర్తవుతాయి. అత్తమ్మగారికీ ఇది చెప్తే ఒప్పుకుంటారు. ఆ రోజు పరమాన్నం పెదవికి తాకిస్తే చాలు. తేనె మాత్రం నాకించొద్దు. అందులో ఉండే బొటులిజం క్రిమి బీజాలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేయగలవు.

నెలలతో పాటు పాపనూ గమనించండి. మెడ నిలబెట్టాలి, ఆసరా ఇస్తే కూర్చోవాలి, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టకూడదు.

ఇక జావ సంగతి. సీసాలో పోసే జావ చనుమొన రంధ్రంలోంచి దిగాలంటే నీళ్లలా ఉండాలి, అక్కడే నష్టం. 10 గ్రాముల రాగిపిండిని 150 మి.లీ. నీళ్లలో కాస్తే వచ్చేది 32 కేలరీలు. తల్లిపాలు 100 మి.లీ. తాగినా దాదాపు 65 వస్తాయి. అంటే పల్చటి జావతో పొట్ట నింపి, అంతకంటే బలమైన పాలను తగ్గిస్తున్నామన్నమాట. తిండి మొదలుపెట్టాక కొందరు పిల్లల బరువు ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. అదే నీళ్లలో 20 గ్రాముల పిండి ఉడికించి, ఒక టీస్పూన్ నెయ్యి వేస్తే 105 దాకా వస్తాయి. చెంచాను పక్కకు వంచినా జారిపోకుండా నిలిచేంత చిక్కదనం ఉండాలి.

కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గు గిన్నెతో గొంతులోకి పోయడం కూడా దయచేసి మానేయండి. ఏడుస్తున్న బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు ఆ ఉగ్గు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, చెంచా పెదవి దగ్గర పెట్టి, నోరు తెరిచేదాకా ఆగండి. తల తిప్పుకుంటే ఆ పూటకు చాలు.

మొదటి వారం రోజుకు ఒక్కసారే, 2-3 టీస్పూన్లు. మెల్లగా పెంచుకుంటూ ఎనిమిదో నెలకల్లా 250 మి.లీ. కప్పులో సగం, రోజుకు 2-3 పూటలు. తొమ్మిది నిండాక సగం నుంచి ముప్పావు కప్పు, 3-4 పూటలు, మధ్యలో అరటిపండో మామిడిపండు గుజ్జో. పాలు ఎప్పటిలాగే ఇవ్వాలి. పాలు తాగిన గంటకు తిండి పెడితే మరీ ఆకలితో గింజుకోదు, కడుపు నిండీ ఉండదు. పొద్దున 8:30కి రాగి, మధ్యాహ్నం 12:30కి పప్పన్నం అని మొదలుపెట్టి, సాయంత్రం పూట తర్వాత చేర్చుకోండి. నిద్రమత్తులో ఉన్నప్పుడు మాత్రం పెట్టొద్దు.

పప్పన్నానికి బియ్యం 2 పాళ్లు, పెసరపప్పు 1 పాలు. కుక్కర్లో మెత్తగా ఉడికించి, చెంచా వెనకవైపుతో మెదపండి. మిక్సీలో వేయకండి. తొమ్మిది, పది నెలలకు చిన్న చిన్న పలుకులు అలవాటు కాని పిల్లలు తర్వాత ముద్ద నమలడానికి మొండికేస్తారు. ఏడాదిదాకా ఉప్పు, చక్కెర, బెల్లం అక్కర్లేదు.

పలమనేరు వంటిల్లు:
పిండి గురించి నేను చెప్తా. అరకేజీ రాగులు చాలు. మట్టి, రాళ్లు పోయేదాకా నాలుగైదు నీళ్లు కడిగి 10-12 గంటలు నానబెట్టండి. నీళ్లు వంచేసి తడి నూలుగుడ్డలో మూటకట్టండి. ఎండాకాలంలో ఒక రోజుకే మొలక వస్తుంది, చలికాలంలో రోజున్నర పడుతుంది. తెల్లగా మొలక కనిపిస్తే చాలు, పొడుగు పెరగనిస్తే చేదెక్కుతుంది. పల్చగా ఆరబోసి, గలగలమనేదాకా ఎండబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేవరకు వేయించండి. కార్తీకం వానల్లో మాత్రం జాగ్రత్త. సరిగ్గా ఎండకపోతే లోపల బూజు పడుతుంది. ముక్కవాసన వస్తే వేయించి సరిపెట్టుకోవద్దు, పారేయండి.

మరకు తీసుకుపోతే ముందు ఏం ఆడించారో అడగండి. మిరపకాయలు ఆడిన మర అయితే వద్దు. పిండిని పల్చటి గుడ్డలో జల్లించి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. రెండు మూడు వారాలకు సరిపడా చేసుకుంటే మంచిది.

కాచేటప్పుడు పిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత పొయ్యి మీద పెట్టండి. మొలకలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము మెల్లగా వేడెక్కేటప్పుడు పిండిపదార్థాన్ని విడగొడుతుంది. అందుకే మొలకపిండి ఎక్కువ వేసినా బంకలా గడ్డకట్టదు. మరిగే నీళ్లలో వేస్తే ఆ ఎంజైము వెంటనే చచ్చిపోతుంది, ఉండలూ కడతాయి. కలుపుతూ 8-10 నిమిషాలు ఉడకాలి. పచ్చివాసన ఉంటే దించొద్దు, కడుపు ఉబ్బుతుంది. మన ఎండలకు వండింది గంటలోపు పెట్టేయండి, మిగిలింది మళ్లీ వేడిచేయొద్దు.

తిరుపతి అమ్మ:
చాలా మేలు చేశారు. ఇంకొకటి: గుడ్డు, చెనక్కాయలు ఏడాది దాటాకే పెట్టాలంటున్నారు, నిజమేనా? రాగిలోనే అన్ని బలాలూ ఉంటాయని కూడా అంటున్నారు.

పిల్లల నర్సు:
రాగిలో కాల్షియం పుష్కలం, 100 గ్రాముల్లో 350 మి.గ్రా. దాకా. ఇనుము అంత లేదు, ఉన్నదీ ఫైటేట్ల (ఇనుమును ఒంటికి పట్టనివ్వని, గింజల్లో ఉండే పదార్థాలు) వల్ల ఒంటికి పట్టేది తక్కువ. కడుపులో ఉండగా తల్లి నుంచి దాచుకున్న ఇనుము ఆరో నెలకు అడుగంటుతుంది. కాబట్టి రాగి ఒక పూటకే ఉంచి, మిగతా పూటల్లో పప్పు, గుడ్డు, తినేవాళ్లైతే బాగా ఉడికించి మెత్తగా నూరిన కోడిమాంసం ఇవ్వండి. పప్పులో టమాటా వేసినా, దించాక రెండు చుక్కల నిమ్మరసం పిండినా ఇనుము బాగా పడుతుంది. ఆరు నెలలు నిండాక ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడిగి ఐరన్ సిరప్ తీసుకోండి. వారానికి 2 సార్లు, 1 మి.లీ. చొప్పున పోయాలి. మలం నల్లబడితే భయపడొద్దు.

గుడ్డు, చెనక్కాయలు ఏడాదిదాకా ఆపడం పాత పద్ధతి. చెనక్కాయలు తొందరగా అలవాటైన పిల్లల్లో వాటి అలర్జీ తగ్గుతుందని 2015లో వచ్చిన లీప్ అధ్యయనం చూపింది. ఆరు నిండి, మామూలు తిండికి అలవాటు పడ్డాక గుడ్డు గట్టిగా ఉడికించి పావు టీస్పూన్‌తో మొదలుపెట్టండి. పొద్దున పూటే పెట్టి రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తే మళ్లీ పెట్టకుండా డాక్టరుకు చూపించాలి. ఊపిరి అందకపోతే వెంటనే 108. చెనక్కాయలు వేయించి, పొట్టు తీసి, వెన్నలా నూరి పప్పుకట్టులో కలపాలి. ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరేయండి. చర్మం మీద తీవ్రమైన ఎగ్జిమా ఉంటే ముందు డాక్టరును అడగాలి.

చెనక్కాయ గింజ, వేయించిన శనగలు, ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్క చేతికి అందనివ్వొద్దు. ముద్ద మింగేటప్పుడు ఓకరించి దగ్గుతూ ఉంటే అది నేర్చుకుంటోందని అర్థం, నోట్లో వేలు పెట్టకండి. శబ్దం రాకుండా, ఊపిరాడక నీలిరంగుకు మారితే అడ్డం పడినట్టు. వెంటనే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, రెక్కల మధ్య అరచేతి మడమతో 5 సార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమతో 5 సార్లు నొక్కండి. బయటికి వచ్చేదాకా ఇదే మార్చి మార్చి చేస్తుండాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.